గొట్టంలో దిగని నెత్తురు

అనుమానం పెనుభూతం అంటారు. నేను ఆ భూతంతోనే ఉద్యోగమంతా కాపురం చేశాను. ల్యాబ్ టెక్నీషియన్ పనంటే అదే మరి. ఎదుటివాళ్ళ నెత్తురును, మూత్రాన్ని, మాటను, ఆఖరికి సీసా మీద అంటించిన పేరును కూడా నమ్మకపోవడం. ఇంట్లో కూడా అలవాటు పోలేదు. పాలవాడు పోసిన పాలను వెలుతురుకు పట్టి చూస్తుంటే మా ఆయన, "సుగుణా, రిపోర్టు ఎప్పుడిస్తవు?" అని వెక్కిరించేవాడు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, నాకు వచ్చినవీ పెద్దగా లేవు. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోం కింది అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని గదిలో నా ల్యాబ్ ఉండేది. అక్కడ నేను ఎవరిని అనుమానించానో, ఎవరిని అనుమానించాల్సి ఉండి వదిలేశానో చెబుతాను.

చల్లటి సీసా

విమానాశ్రయం తెరిచిన కొత్తలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఉద్యోగాల వేటలో పడ్డాయి. ఊడ్చే పని, బరువులు మోసే పని, బండ్లు తోసే పని, అన్నీ కాంట్రాక్టర్ల కిందే. కొత్తూరు వైపు ఫ్యాక్టరీలు కూడా మనుషులను తీసుకుంటున్నాయి. పనిలో చేరాలంటే ఫిట్‌నెస్ రిపోర్టు కావాలి. పొద్దున ఎనిమిదికల్లా మా మెట్ల మీద ముప్పై నలభై మంది కూర్చుని ఉండేవాళ్ళు.

ఆ రోజుల్లో నేను నేర్చుకున్న మొదటి విద్య, మూత్రం సీసాను చేత్తో పట్టుకుని చూడటం. అప్పుడే పట్టి తెచ్చింది వెచ్చగా ఉండాలి. చల్లగా ఉంటే అది ఇంటినుంచి వచ్చిన సరుకు. షుగర్ ఉన్నవాడు తమ్ముడి మూత్రం తెచ్చేవాడు. ఒకసారి ముగ్గురు స్నేహితులు ఒకడి మూత్రాన్నే మూడు సీసాల్లో పంచుకుని వచ్చారు. మూడింటి రంగూ ఒకటే, చల్లదనమూ ఒకటే. నేను నిలదీస్తే అందులో ఒకడు, "మేము ముగ్గురం ఒక్క రూంలనే ఉంటమక్కా, ఒక్కటే అన్నం తింటం" అన్నాడు. నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను.

ఇలాంటివి పట్టుకున్న కొద్దీ నాకు గర్వం పెరిగింది. "సుగుణగారి కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదు" అని మా డాక్టరుగారు నలుగురిలో అనేవారు. ఆయన కోస్తా మనిషి, నర్సింగ్ హోం ఆయనదే. కోపంలో కూడా "అండి" తీసేవారు కాదు. చెడ్డవాడు కాదు. కానీ మనుషులు మోసం చేస్తారన్న నమ్మకం ఆయనకూ నాకూ బాగా కుదిరింది. ఇద్దరు అనుమానస్తులు ఒకచోట చేరితే మూడో మనిషి బతుకు కష్టం.

ఖాదర్ సార్ చెప్పిన మాట

నాకు పని నేర్పింది ఖాదర్ సార్. పట్నంలో సర్కారు దవాఖాన ల్యాబులో ఆయనే పెద్ద. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. ఏ నెత్తురైనా ఒక చుక్క అద్దం పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద కళ్ళతో చూడకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు. మేము గొణిగితే ఒకటే మాట అనేవాడు.

"చూడు బేటీ, ఖరాబ్ రిపోర్ట్ వస్తే నువ్వు చెప్పకున్నా అందరు మల్ల చూస్తరు. మంచి రిపోర్ట్‌ని ఎవ్వడు మల్ల చూడడు. అందుకే ముందు మంచి దాని మీదనే షక్ పెట్టుకో, అనుమానించు."

ఫిట్‌నెస్ జనం పెరిగాక మా డాక్టరుగారు కణాలను లెక్కపెట్టే మిషన్ కొన్నారు. ఒక చుక్క పీల్చుకుంటుంది, అంకెల కాగితం కక్కుతుంది. ఇక స్లైడ్ దేనికి? నేనే మానేశాను. ఎవరూ మానమని చెప్పలేదు. మిషన్ కొన్ని అంకెల పక్కన చుక్క గుర్తు పెట్టి, ఇది నాకు అంతుపట్టలేదు అని చెప్పేది. ఆ గుర్తులనూ కొన్నాళ్ళకు చూడటం మానేశాను. మనిషిని అంతగా అనుమానించిన నేను మిషన్‌ను మాత్రం పెళ్ళికొడుకులా చూసుకున్నాను.

రాజమణి

రాజమణి మొదటిసారి వచ్చినప్పుడు ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. కొత్తూరు దగ్గర మందులు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పని. బక్కగా, కళ్ళు కొంచెం పచ్చగా ఉండేది. కుడికాలి చీలమండ దగ్గర రూపాయి బిళ్ళంత పుండు, ఏడాదిగా మానడం లేదంది. నడుము, మోకాళ్ళు, చేతుల ఎముకలు ఉండుండి నొప్పి పుడతాయట. వెంట అత్త బాలమ్మ వచ్చింది. రాజమణి నోరు తెరవకముందే బాలమ్మే చెప్పింది.

"ఏం లేదు సారు. గీమెకు పనంటే నొప్పులు. తినేటప్పుడు ఏ నొప్పి ఉండదు."

ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కూడా ఒక చీటీ రాసి పంపాడు. మందులు నిల్వచేసే చల్లగది డ్యూటీ పడ్డప్పుడల్లా ఈమెకు నొప్పి వస్తుంది, మామూలు గదిలో వేస్తే రాదు, దయచేసి నిజానిజాలు తేల్చండి అని. చదివి డాక్టరుగారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. మా ఇద్దరికీ దొంగ దొరికింది.

నిజం తేల్చడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అదే ఇ.ఎస్.ఆర్. సన్నటి పొడుగాటి గొట్టంలో నెత్తురు నింపి గంటసేపు నిటారుగా నిలబెడతాం. ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి. ఒంట్లో ఎక్కడైనా వాపు, చీము, లోపలి మంట ఉంటే ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి తొందరగా దిగుతాయి. ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూసి రాస్తాం. "నొప్పి అబద్ధమాడొచ్చు గానీ గొట్టం అబద్ధమాడదండి" అనేవారు డాక్టరుగారు. నడుం నొప్పి అని సెలవు అడిగే ప్రతివాళ్ళనూ ఆ గొట్టం ముందు నిలబెట్టేవాళ్ళం.

రాజమణి గొట్టం గంటకు రెండు మిల్లీమీటర్లు దిగింది. మంచి ఆరోగ్యవంతుడికి కూడా అంత తక్కువ రావడం అరుదు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది ఏడే ఉంది. ఆడవాళ్ళలో రక్తం తక్కువుండటం మాకు వింత కాదు, ఐరన్ మాత్రలు రాశారు. ఇ.ఎస్.ఆర్. గడిలో నేను "2, నార్మల్" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం చూసి ఫ్యాక్టరీవాళ్ళు ఆమెను మళ్ళీ చల్లగదిలోనే వేశారు.

రెండోసారి మూడు నెలలకు వచ్చింది. ఈసారి నొప్పికి వంగిపోయి, గోడ పట్టుకుని నడుస్తోంది. నొప్పి సూది వేయమని బతిమాలింది. పోయినసారి ఏ సూదికి తగ్గిందో పేరుతో సహా చెప్పింది. అది విన్నాక డాక్టరుగారి అనుమానం ఇంకో మెట్టెక్కింది. సూదులకు అలవాటు పడ్డ మనిషేమో అని నాతో మెల్లగా అన్నారు. గొట్టం మళ్ళీ రెండే చెప్పింది. అప్పుడాయన నర్సుతో వట్టి నీళ్ళ సూది వేయించి, అరగంట తర్వాత పక్కన నిలబడి అడిగారు.

"ఇప్పుడు తగ్గిందా అమ్మా?"

రాజమణి తల ఊపింది. ఆయన ఇంకో రెండుసార్లు అడిగారు. "తగ్గింది సారు" అంది.

"చూశారా సుగుణగారూ, నీళ్ళకు తగ్గిందండి!" అన్నారు మెట్ల దగ్గరికి వచ్చి. నేను కూడా నవ్వాను. రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. బాలమ్మ అక్కడే నిలబడి అంతా విన్నది. కోడలి రెక్క పట్టుకుని, "నడువ్! పదిమందిల ఇజ్జత్ తీసినవ్" అంటూ లాక్కెళ్ళింది. ఆ పిల్ల కుంటుతూ రోడ్డు దాటడం నేను గుమ్మంలోంచి చూశాను.

పక్క పక్క గొట్టాలు

మూడోసారి చలికాలంలో, ఒక పొద్దున ఆటోలో తెచ్చారు. జ్వరం, ఛాతీలో నొప్పి, ఊపిరి అందడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. డాక్టరుగారు ఎక్స్‌రే రాశారు, అలవాటు కొద్దీ ఇ.ఎస్.ఆర్. కూడా రాశారు.

ఆ రోజు స్టాండులో రాజమణి గొట్టం పక్కనే ఒక గర్భిణి గొట్టం పెట్టాను. ఆమె హిమోగ్లోబిన్ ఎనిమిది, రాజమణిది ఇంకా తక్కువ. అరగంటకు అటు చూస్తే గర్భిణి నెత్తురు సగం గొట్టం దాకా జారిపోయింది. రాజమణిది పైనే నిలబడి ఉంది, పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే.

 రక్తం పలచబడ్డవాళ్ళ గొట్టం ఏ జబ్బూ లేకపోయినా తొందరగా దిగుతుంది. పలచటి చారులో పప్పు అడుక్కి దిగినట్టు దిగాలి. ఇది మొదటి నెలలో నేర్పే పాఠం. హిమోగ్లోబిన్ ఏడే ఉన్న నెత్తురు రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయిందంటే అది మంచి రిపోర్టు కాదు, జరగకూడని రిపోర్టు. రెండుసార్లు ఆ అంకె నా కళ్ళముందే నిలబడింది. రెండుసార్లూ నేను నార్మల్ అని రాశాను.

ముందు గొట్టాన్ని అనుమానించాను. ఇంకో గొట్టంలో పోశాను, అదీ దిగలేదు. ఇక స్లైడ్ తీయక తప్పలేదు. రంగు సీసా మూత ఎండిపోయి బిగుసుకుంది, పళ్ళతో పట్టి తీశాను. మైక్రోస్కోప్ కింద గుండ్రంగా ఉండాల్సిన కణాల నడుమ కొన్ని సాగి, వంగి, రెండు కొసలూ మొన తేలి, కొడవళ్ళలా పడి ఉన్నాయి. సికిల్ సెల్. పుట్టుకతో వచ్చే రక్తహీనత. ఖాదర్ సార్ దగ్గర ఎన్నోసార్లు చూసిందే. కొడవలి ఆకారపు కణాలు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేరుకోలేవు, అందుకే గొట్టంలో దిగవు. ఒళ్ళంతా వాపుతో మండుతున్నా ఇ.ఎస్.ఆర్. మాత్రం చల్లగా రెండు అని చెబుతుంది.

స్లైడ్ చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. డాక్టరుగారు చూడకుండానే అన్నారు.

"సుగుణగారూ, అది అడవి ప్రాంతాల వాళ్ళ జబ్బండి. కొత్తూరులో ఎందుకుంటుంది?"

"ఆమె సొంతూరు ఏదో మనం ఎప్పుడూ అడగలేదు సార్."

ఆయన లేచి రాజమణిని అడిగారు. ఆదిలాబాద్ అవతల ఊరు పేరు చెప్పింది. మా ఫారంలో చిరునామా గడి ఒక్కటే ఉండేది, అందులో కొత్తూరు కిరాయి గది రాసుకున్నాం. ఆయన వెంటనే కిందికి దిగి నా మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత తనే ఆక్సిజన్ పెట్టి, అంబులెన్స్ పిలిచి, పట్నం పెద్ద దవాఖానకు ఫోన్ చేసి, బండిలో వెంట వెళ్ళారు. ఆయన గురించి చెడు చెప్పాను కాబట్టి ఇదీ చెప్పాలి.

మిగిలిన సీరంతో నేను సి.ఆర్.పి. చేశాను. అది కూడా లోపలి వాపును పట్టే పరీక్షే, కణాల ఆకారంతో దానికి పని లేదు. ఖరీదెక్కువని మేము చేసేవాళ్ళం కాదు. చుక్క కలపగానే పాలు విరిగినట్టు విరిగింది, అంటే లోపల వాపు గట్టిగానే ఉంది.

ఖాదర్ సార్‌కు ఫోన్

ఆ సాయంత్రం ఖాదర్ సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను.  తిట్టకుండా ఒకటే అడిగాడు.

"చల్లగదిల పెడితే నొప్పి అన్నదా?"

"అన్నది సార్. అందుకే దొంగనుకున్నం."

"అరే బేటీ! చలికి నరాలు బిగుస్తయి. గా వంకర కణాలు సన్న నరంల పోలేక గోడకు రాసుకుంటయి. రాసుకుని రాసుకుని గోడ లోపలి పొర పుండయితది. పుండయిన కాడ తెల్లకణాలు వచ్చి అంటుకుంటయి. దారి బంద్. నొప్పి లేనప్పుడు గూడ లోపల మంట ఆగదు. నరం నరం ఖరాబ్ అయితది. గా కాలి పుండు చూసినవ్ గదా, అది పైకి కనవడేది. లోపల ఎన్ని ఉన్నయో ఎవరు చూసిన్రు?"

నరం అంటే ఆయన ఉద్దేశం రక్తనాళం. అది విన్నాక సూపర్‌వైజర్ చీటీ గుర్తొచ్చింది. చల్లగదిలో నొప్పి, బయట లేదు. జబ్బు తన పేరు తానే రాసి పంపినట్టు ఉంది ఆ చీటీ. మేము దాన్ని నేరపత్రంగా చదివాం.

కాబట్టి పిల్లలూ, రక్తం తక్కువుండి ఇ.ఎస్.ఆర్. మరీ తక్కువుంటే గొట్టాన్ని నమ్మకండి, స్లైడ్ చూడండి. మిషన్ చుక్క గుర్తు పెడితే చూడండి. సొంతూరు అడగండి. సూది పేరు చెప్పినవాళ్ళందరూ సూదికి అలవాటు పడ్డవాళ్ళు కారు, కొందరు చిన్నప్పటినుంచి ఆ నొప్పితో బతికి ఏది పనిచేస్తుందో నేర్చుకున్నవాళ్ళు. అనుమానం మానుకోమని నేను చెప్పను, అది లేకపోతే ఈ పనే లేదు. కానీ దాన్ని ముందు మీ బల్ల మీద ఉన్న వస్తువుల మీద పెట్టండి, ఆ తర్వాత మీ మీద, అన్నీ అయ్యాక మనిషి మీద. నేను దాన్ని తలకిందులుగా చేశాను.

బాలమ్మ వేలు

రాజమణి బతికింది. నెత్తురు ఎక్కించారు, మందులు రాశారు. రెండు నెలల తర్వాత భర్త మల్లేశ్, బాలమ్మ వెంటరాగా మా ల్యాబుకు వచ్చింది. పట్నం డాక్టర్లు మల్లేశ్ నెత్తురు కూడా చూపించమన్నారు. ఈ జబ్బు పుట్టుకతో రెండు పాళ్ళు అందితేనే వస్తుంది, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. ఒక్క పాలే ఉన్నవాళ్ళు మామూలుగా తిరుగుతారు, తెలియను కూడా తెలియదు. మల్లేశ్‌కు ఒక పాలు ఉంటే పుట్టబోయే బిడ్డకు జబ్బు రావచ్చు. వాళ్ళు బిడ్డను కనొచ్చా లేదా అన్నది ఆ చుక్క మీద ఉంది.

బాలమ్మ కొడుకు చేయి పట్టుకుని వెనక్కి లాగింది.

"నా కొడుకు నెత్తురు ఎందుకు? కోడలి రోగం వానికెందుకుంటది? ఏంది, ఇల్లు చెడగొట్టనీకి చూస్తున్నవా?"

"బాలమ్మా, కోడలు కాకముందు రాజమణి నీకేమవుతుంది?"

"మా తమ్ముని బిడ్డ."

ఆ మాట అన్నాక బాలమ్మ కొడుకు చేయి వదిలింది. తర్వాత బల్ల మీదికి తన చేయే చాపింది.

"అయితే ముందుగాల నాది చూడు. మా నెత్తుర్ల ఏం లేదని కాయితం రాసియ్యి. ఊళ్ళె అందరికి చూపెడ్త."

తల్లిదీ కొడుకుదీ వేళ్ళు పొడిచి చెరో స్లైడ్ చేశాను. దానికి ఒక రసాయనం చుక్క కలిపి, పైన పలచటి అద్దం పెట్టి, గాలి పోకుండా అంచులు గోళ్ళ రంగుతో మూయాలి. గాలి అందకపోతే దాక్కున్న కొడవలి బయటపడుతుంది. నా ఎర్ర గోళ్ళ రంగు సీసా చూసి రాజమణి మొదటిసారి నవ్వింది. నేను ఆమెను పక్కకు పిలిచి, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగాను. నీళ్ళ సూదికి తగ్గిందని ఎందుకు చెప్పావని.

"సారు మూడుసార్లు అడిగిండక్కా. పెద్ద సారు. తగ్గలేదంటే బాగుండదు గదా."

గంటకు చూశాను. మల్లేశ్ కణాలు గుండ్రంగానే ఉన్నాయి. వాళ్ళకు పుట్టే బిడ్డకు ఒక్క పాలే వస్తుంది, జబ్బు రాదు. అది చెప్పగానే మల్లేశ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బాలమ్మ స్లైడ్‌లో కొడవళ్ళు తేలాయి.

ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి చూపించాను. ఒక పాలు నీ దాంట్లో ఉంది, నీకేమీ కాదు అన్నాను. బాలమ్మ ఒక కన్ను మూసుకుని చూసింది. చూస్తూనే అడిగింది.

"నా పెనిమిటికి గూడ ఒక పాలు ఉంటే, మా బిడ్డకు రెండు వడ్తుండె గదా?"

"పడొచ్చు. నీకు బిడ్డ ఉందా?"

"ఉండె. లచ్చవ్వ. పదకొండేండ్లకు పోయింది." ఆమె కన్ను ఇంకా మైక్రోస్కోప్ మీదే ఉంది. "చలికాలం పత్తి ఏరనీకి పొద్దుగాల తోలుతుంటి. కాళ్ళు గుంజుతున్నయ్ అవ్వా అని చేన్ల కూసునేది. పనిదొంగ అని కొట్టిన. సచ్చిపోయిన నాడు పొద్దుగాల గూడ కొట్టిన."

 బాలమ్మ మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తలేదు. వీపు మాత్రం కదులుతోంది. రాజమణి కుంటుతూ వెళ్ళి వెనకనుంచి ఆమెను పట్టుకుంది.

"అత్తా, ఊకో. నీకెట్ల తెలుస్తది? నీ కాడ గీ మిషిని లేకపాయె."

అని తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఊరికే చూసింది.

"నీ కాడ ఉండె గదా అక్కా" అంది.